మసికి పెట్టిన పచ్చి ముక్క

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక పిల్లికి శిక్ష పడింది. వేసింది మా నాయనమ్మ. వచ్చే మంగళవారం సంతకు పోయే ఎడ్లబండిలో దాన్ని గోనెసంచిలో కట్టి తీసుకెళ్లి, వాగు దాటించి వదిలేయాలి. నీళ్లు దాటించిన పిల్లి తిరిగి ఇంటి దారి పట్టదని మా వైపు నమ్మకం. తీర్పు చెప్పింది గురువారం పొద్దున. మధ్యలో ఉన్నవి నాలుగే రోజులు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆ నాలుగు రోజుల్లో పడినంత ఉత్కంఠ, పొందినంత సంబరం నాకు మళ్లీ ఎప్పుడూ ఒకే వారంలో దొరకలేదు.

మా ఊరు కొత్తగూడెం దాటాక, భద్రాచలం దారికి కొంచెం లోపలగా, అడవి మొదలయ్యే చోట ఉండేది. ఒక పక్క మిరప చేలు, ఇంకో పక్క టేకు చెట్లు. తాతల కాలంలో మధిర దగ్గరి నుంచి వచ్చి ఇక్కడ భూమి చేసుకున్న కుటుంబం మాది. అందుకే నాయనమ్మ మాటలో ఆ వైపు యాస చివరిదాకా పోలేదు. మా చిన్నాన్న మాత్రం ఇక్కడి పిల్లల్లో కలిసి పెరిగి ఇక్కడి మాటే మాట్లాడేవాడు. అది మిరపకాయ కోతల కాలం. కళ్లంలో ఎర్రగా ఆరబోసిన కాయల ఘాటుకి ఊరంతా తుమ్ముతూనే పనులు చేసుకునేది. అడవి పల్లెల నుంచి కూలికి వచ్చిన ఆడవాళ్లు మాకు తెలియని భాషలో నవ్వుకుంటూ చేలల్లోకి వెళ్లేవారు. అంత సందడిలో ఒక పిల్లి సంగతి ఎవరికి పడుతుంది? కానీ పట్టింది. ఎందుకంటే అవతల ఉన్నవి నాయనమ్మ కోళ్లు.

పిల్లి పేరు మసి. పొయ్యి పక్క బూడిదలో ముడుచుకుని పడుకునేది. ఒంటి రంగు కూడా అదే. అంతకుముందు వానాకాలంలో తడిసి ముద్దయి, నా అరచేతిలో పట్టేంత ఉన్నప్పుడు మా పశువుల కొట్టంలోకి వచ్చి చేరింది. దూదిని పాలలో ముంచి నోట్లో పిండి బతికించాను. పెద్దదయ్యాక నా వెనకే నడిచేది. బడికి బయలుదేరితే వీధి మలుపు దాకా వచ్చి, అక్కడ కూర్చుని, నేను కనుమరుగయ్యే దాకా చూసేది. ఇంట్లో దానికి పెట్టేది మజ్జిగ అన్నం. మేమందరం కూర కలుపుకుంటూ దానికి మజ్జిగ అన్నం వేయడం నాకు పెద్ద అన్యాయంగా కనబడేది. అందుకని మాంసం తెచ్చిన రోజున నాయనమ్మ ముక్కలు కడిగే లోపల ఒకటి పట్టుకుని పరుగెత్తేదాన్ని. వంటింట్లోంచి కనబడని చోటు మా ఇంట్లో ఒక్కటే ఉంది. కొట్టం వెనక, కోడిపిల్లల మీద గంప బోర్లించే మూల. అక్కడ గోడకు ఆనుకుని కూర్చుని మసికి పచ్చి ముక్క తినిపించేదాన్ని. నెలకు పైగా ఇదే పని.

ఆ వారం గంప కింద ఉన్న పదకొండు కోడిపిల్లల్లో ముందు ఒకటి కనబడలేదు. రెండు రోజులకు ఇంకో రెండు. గురువారం పొద్దున నాయనమ్మ పెరట్లోకి వెళ్లి, నేను అనుకున్న దానికంటే ముందే వంటింట్లోకి తిరిగొచ్చింది. నా చేతిలో ముక్క. నా కాళ్ల దగ్గర మసి.

“పచ్చిది అలవాటు చేస్తున్నావటే దీనికి?” అంది. “ఇంకేముంది! నెత్తురు రుచి తగిలిన పిల్లి కోడిపిల్లల్ని వదులుతుందా? రోజూ సాయంత్రం ఆ గంప పక్కనే కాపలా కూర్చుంటోంది. నా కళ్లతో నేను చూశాను.”

పచ్చి మాంసం తిన్న పిల్లి పులి అయిపోతుందని మా ఇంట్లోనే కాదు, ఊరంతా అనుకునేవారు. గుమ్మంలో పళ్లు తోముకుంటున్న చిన్నాన్న వేపపుల్ల తీసి, “అమ్మా, సంచి తయారుగున్నది, బండి తయారుగున్నది. ముద్దాయిని అప్పజెప్పు” అన్నాడు. అందరూ నవ్వారు.

అది గంప పక్కన ఎందుకు కూర్చుంటుందో ఆ ఇంట్లో తెలిసింది నాకొక్కదానికే. ముక్క కోసం. అంటే నా కోసం. చెబితే నెల రోజుల దొంగతనం బయటపడుతుంది. నాయనమ్మ దగ్గర చింతబరికె ఎప్పుడూ చూరులో దోపి ఉండేది. నేను నోరు మూసుకున్నాను. మసి మాత్రం ఏమీ జరగనట్టు నా పాదం నాకుతోంది.

వీధి చివర మేకల మామ ఉండేవాడు. మేకలు కోసి అమ్మడం ఆయన పని. ఎవరికీ సొంత మామ కాడు, ఊరందరికీ మామే. కోతల కాలంలో కూలీలతో ఊరు నిండుగా ఉండేది కాబట్టి రోజూ ఒక మేక కోసేవాడు, ఒక్క సోమవారం తప్ప. సోమవారం మా ఊళ్లో చాలా ఇళ్లలో నీసు ముట్టరు. ఆ రోజు ఆయన కత్తి ముట్టడు. ఆయన పాకలో ఒక వింత ఉండేది. తలకిందులుగా వేలాడే మేక కింద, మాంసం కొట్టే చింత మొద్దుకు మూరెడు దూరంలో, రెండు పిల్లులు కూర్చుని ఉండేవి. మాంసం వైపు చూసేవి, కదిలేవి కావు. కుక్కల్ని తరమడానికి ఆయనకు కర్ర కావలసి వచ్చేది. పిల్లుల జోలికి కర్ర వెళ్లడం నేనెప్పుడూ చూడలేదు. ఆ గురువారం బడి మాని నేను పరుగెత్తింది అక్కడికే.

“మామా, మసిని వాగు దాటిస్తున్నారు” అని గట్టిగా ఏడ్చాను.

“మసి ఎవలే కోడలా? ఎద్దా, దున్నపోతా?”

“పిల్లి!”

“ఓసి, పిల్లికి గింత ఏడ్పా? ఇల్లు అంటుకున్నదేమో అనుకున్న.”

అయినా కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, మొదటి నుంచి చివరి దాకా విన్నాడు. విన్నాక ఒక్కటే అడిగాడు. ముక్క ఎక్కడ కూర్చోబెట్టి తినిపించేదానివని. గంప మూలన అని చెప్పాను. ఆయన ముఖంలో నవ్వు పోయింది.

“ఏడ తిండి దొరికితే గాడనే గదా పిల్లి కూసుండేది. దానికి గంప జూపింది నువ్వే బిడ్డా. గీ ముచ్చట మీ నాయనమ్మకు జెప్పినవా?”

తల అడ్డంగా ఊపాను.

“నేనైతే జెప్ప. అది నువ్వు జెప్పేదే” అని మళ్లీ కత్తి అందుకున్నాడు. ఆయన అంతటితో వదిలేశాడనుకుని నీరుగారిపోయాను. కానీ మధ్యాహ్నం పనైపోయాక, టేకు ఆకులో కార్జం ముక్క చుట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నాయనమ్మకు మేక కార్జం అంటే ప్రాణమని ఊరందరికీ తెలుసు.

“ఏంది పెద్దమ్మా, పిల్లి మీద పంచాయితీ బెట్టినవంట?”

“పంచాయితీ అయిపోయింది, తీర్పు కూడా అయిపోయింది” అంది నాయనమ్మ బియ్యం చెరుగుతూ.

“మంగళారం దాక దాన్ని నాకిడువు. నేను జెప్పినట్టు గీ పిల్ల దానికి పచ్చి మాంసమే పెడ్తది.”

చాట ఆగింది. “నీకేమన్నా మతి పోయిందా?”

“మంగళారం పొద్దుగాల నువ్వే గంప లేపు. పిల్లలన్నిటిని ఇడువు. ఒక్కదాని మీద అది పంజా లేపిందనుకో, సంచిల నేనే కడ్త. మీ చిన్నోనికి గా కష్టం గూడ వద్దు.”

“లేపకపోతే?”

“లేపకుంటే మీ ఇంట్లనే ఉంటది.”

చిన్నాన్న అరుగు మీద నుంచే అందుకున్నాడు. “ఒప్పుకోకమ్మా! ఓడిపోతే మామ ఏమిస్తడో ముందుగాల అడుగు. ఏడాది దాక కార్జం మనకే ఇమ్మను.”

“ఇస్త తియ్” అన్నాడు మేకల మామ, వెంటనే.

నాయనమ్మ ఆకు పొట్లం వైపు చూసింది. మసి వైపు చూసింది. “ఏడాదంటే ఏడాదే. మధ్యలో మేక బక్కది, కార్జం చిన్నది అంటే నేనూరుకోను” అంది. నేను ఎగిరి గంతేసి చూరుకు తల కొట్టుకున్నాను.

శుక్రవారం తెల్లారగానే మసిని చంకన పెట్టుకుని పాకకు వెళ్లాను. పచ్చి మాంసం పెట్టడమంటే అప్పటివరకు నాకు తెలిసింది దొరికిన ముక్క అందించడమే. మామ పద్ధతి చూసి నోరు తెరిచాను. మేక పొట్ట కోయగానే ముందు కార్జం తీసి, వెలుతురుకు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసేవాడు. దాని మీద తెల్ల మచ్చలో గడ్డలో కనబడితే ఆ కార్జం గోతిలోకి పోతుంది. ఆ మేక ముక్క ఒక్కటి కూడా పచ్చిగా పిల్లుల ముందుకు రాదు. మనం ఉడికించుకుంటాం కాబట్టి పురుగు చస్తుందని, పిల్లికి ఆ వసతి లేదని చెప్పాడు. తర్వాత తొడ దగ్గర కొవ్వు లేని చోట, నా చిటికెన వేలంత సన్నగా నాలుగైదు పేలికలు కోశాడు. ఎముక లేకుండా. మన కంచంలో మిగిలిన ఉడికిన బొక్క అసలే వేయకూడదట. అది పుల్లలా చీలి గొంతులో దిగబడుతుంది. ఆయన పెంచిన మొదటి పిల్లి అలాగే పోయింది. ఆ సంగతి చెబుతున్నప్పుడు కత్తి కాసేపు ఆపాడు. కార్జం అంటే పిల్లి పడిచస్తుంది కానీ, నా బొటనవేలి గోరంత చాలు, అదీ వారానికి ఒకసారే. “మీ నాయనమ్మకు గూడ గిట్లనే పెట్టాలె, ఇంటదా?” అని కన్ను గీటాడు.

మా ఇంటికి వచ్చి చోటు ఎంచాడు. గంప ఉన్న మూలకు సరిగ్గా ఎదురు మూల, బావి గచ్చు పక్కన. ఒక బంగాళాపెంకు తెచ్చి బోర్లించాడు. చెంచాతో దాని మీద రెండుసార్లు టక్ టక్ మని కొట్టి, అప్పుడు పేలికలు వేయమన్నాడు. రోజూ అదే చోటు, అదే వేళ, అదే చప్పుడు. చప్పుడు లేనిదే ముక్క లేదు. చేతిలోంచి నోటికి అందించడం లేదు. పక్కన మూకుడులో మంచినీళ్లు. అది తిని మూతి తుడుచుకోవడం మొదలుపెట్టగానే, మిగిలిన దాన్ని చీమలు పట్టకముందే ఎత్తి గోతిలో పూడ్చాలి. పెంకును బూడిదతో తోమి మరిగిన నీళ్లు పోయాలి. తర్వాత నా చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి. అవి కడిగేదాకా తలుపు గొళ్లెం కూడా ముట్టుకోకూడదు. ఇన్ని నియమాలు మా బళ్లో కూడా లేవు. నాకు మాత్రం ఒక పెద్ద ఉద్యోగం దొరికినట్టుంది.

శనివారానికి మా వీధి పిల్లలంతా బావి గచ్చు మీద చేరారు. మసి గెలుస్తుందా ఓడుతుందా అని చింతగింజలు పందెం కాసుకున్నారు. సగానికి పైగా ఓటమి మీదే కాశారు. టక్ టక్ అనగానే మసి కొట్టంలోంచి చెవులు నిక్కించి వచ్చింది. ఆదివారం చెంచా పెంకుకు తగిలిందో లేదో, ఇంటి కప్పు మీద నుంచి గోడ మీదికి, గోడ మీద నుంచి గచ్చు మీదికి రెండే దూకుల్లో వచ్చి పెంకు ముందు కూర్చుంది. పిల్లలు ఈలలు వేశారు. ఓటమి మీద కాసిన ఇద్దరు తమ గింజలు వెనక్కి తీసుకోబోతే కొట్లాట కూడా అయింది. నాయనమ్మ గుమ్మంలో నిలబడి ఏమీ పట్టనట్టు చూస్తోంది. “నేను గంట సేపు పిలిచినా మీ చిన్నాన్న అన్నానికి లేవడు” అని మాత్రం అంది.

అంతా బాగా జరుగుతుండగా నేను తప్పు చేశాను.

సోమవారం మేక కోయరు. ఆ రోజుకు పచ్చిది లేదని, గుడ్డు ఉడకబెట్టి కొంచెం అన్నంలో చిదిమి, అదే చోట అదే చప్పుడు చేసి పెట్టమని మామ ముందే చెప్పాడు. నాకు భయం పట్టుకుంది. పరీక్షకు ఒక్క రోజు ముందు ముక్క తప్పితే నేర్చుకున్నదంతా మరిచిపోతే? ఆదివారం ఇచ్చిన పేలికల్లో మూడు దాచాను. అవి చెడిపోకుండా ఏం చేయాలో నాకు తెలుసుననుకున్నాను. మా ఇంట్లో మాంసం రాగానే పసుపు, ఉప్పు పట్టించి పక్కన పెడతారు. పుట్టినప్పటి నుంచి అదే చూశాను. నేనూ పసుపు, ఉప్పు బాగా రుద్ది, ఆకులో చుట్టి, చల్లగా ఉంటుందని నీళ్ల కుండ పక్కన తడి ఇసుకలో పెట్టాను. ఆదివారం పొద్దుటి నుంచి సోమవారం మధ్యాహ్నం దాకా, మా ఖమ్మం జిల్లా ఎండల్లో. తీసి మూడుసార్లు కడిగి, పెంకు మీద వేసి, టక్ టక్ మన్నాను. మసి వచ్చింది. వాసన చూసి వెనక్కి జరిగింది. నా ముఖం చూసింది. “తిను, తిను” అన్నాను. తింది.

ఎండ వాలకముందే వాంతులు మొదలయ్యాయి. నోటి వెంట చొంగ. మూడోసారి కక్కాక పక్కకు ఒరిగి పడుకుంది, పిలిస్తే చెవి కూడా కదపలేదు. నేను మేకల మామ ఇంటికి ఎలా చేరానో నాకు గుర్తు లేదు.

ఆయన వచ్చి ముందు పిల్లిని చూశాడు, పొట్ట తడిమాడు. తర్వాత నేను పారేసిన ఆకు వెతికి తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టాడు.

“వాసన జూడు.”

పసుపు వాసన కింద ఒక పులిసిన వాసన ఉంది. మధ్యాహ్నం అది నా ముక్కుకు తగిలే ఉంటుంది. నేనే ఒప్పుకోలేదు.

“నువ్వు తింటవా గిది?”

“తినను.”

“మరి దాన్నెట్ల తినమన్నవ్?” కోపంగా అనలేదు. ఆ మాట కోపంగా అని ఉంటే బాగుండేది. “పసుపు పొయ్యి మీదికి పొయ్యే కూరకు బిడ్డా. కుత కుత ఉడుకుతది గనక మనకేం గాదు. పచ్చిదాని మీద ఎంత రుద్దినా లోపట చెడేది చెడ్తనే ఉంటది. ఉప్పు, ఉల్లిగడ్డ, మసాల గిట్ల ఏవీ దానికి పెట్టొద్దు.”

ఆ పూటకు తిండి మానిపించి, నీళ్లు కొద్దికొద్దిగా ముందు పెట్టమన్నాడు. “నాకెరుకైంది గింతే. పొద్దుగూకే లోపట తేరుకోకుంటే బండి గట్టి పశువుల దవాఖానకు తీసుకపోదం” అన్నాడు. నేను గోనెపట్టా మీద దాని పక్కనే కూర్చున్నాను. ఇంట్లో దీపాలు పెట్టే వేళకు మసి లేచింది. తూలుతూ మూకుడు దాకా నడిచి నాలుగు గుటకలు నీళ్లు తాగింది. దాన్ని ఒళ్లోకి తీసుకుని నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

మామ నాయనమ్మ దగ్గరికి వెళ్లి, పిల్లికి ఒంట్లో బాగాలేదు, పరీక్ష ఒక్క రోజు ఆపమని అడిగాడు. నాయనమ్మ ఒప్పుకోలేదు. “కడుపు నిండిన పిల్లి ఎలాగూ కదలదు. ఆకలి మీద ఉన్నప్పుడే కదా దాని బుద్ధి తెలిసేది. రేపే” అంది. ఆమె మాటలో న్యాయం ఉంది. ఆ ఆకలి నేను తెచ్చిపెట్టిందే.

మంగళవారం పొద్దున మా పెరడు తిరునాళ్లలా ఉంది. మిరప కోతకు పోవలసిన కూలీలు గోడ అవతల ఆగి చూస్తున్నారు. పిల్లలు గడ్డివాము ఎక్కారు. వీధిలో బండి కట్టి ఉంది, ఎద్దుల మెడలో గంటలు మోగుతున్నాయి. చిన్నాన్న సంచి భుజాన వేసుకుని తలారిలా నిలబడ్డాడు. మేకల మామ అప్పుడే కోసిన మేక పేలికలు ఆకులో పట్టుకుని బావి గచ్చు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. తను చెప్పే దాకా చెంచా ముట్టకూడదని నాయనమ్మ ఆయనకు ఆంక్ష పెట్టింది.

నాయనమ్మ గంప ఎత్తింది. ఎనిమిది పిల్లలు కీచుకీచుమంటూ పెరట్లోకి చెదిరాయి. తల్లికోడి రెక్కలు విప్పి గుర్రుమంది. నేను మసిని పెరడు నడుమ దించాను.

మసి ఒళ్లు విరుచుకుంది. చుట్టూ చూసింది. తోక నిటారుగా లేపి, తిన్నగా గంప మూలకు నడిచింది.

“అయిపాయె!” అని ఎవరో అరిచారు. చిన్నాన్న సంచి మూతి విప్పాడు. కోడిపిల్ల ఒకటి దాని కాళ్ల మధ్య నుంచే పరుగెత్తింది. మసి దాన్ని చూడలేదు. మూలకు వెళ్లి, గోడ పక్క నేను ఎప్పుడూ కూర్చునే చోటు ముందు ఆగి, కోడిపిల్లలకు వీపు పెట్టి కూర్చుంది. తల ఎత్తి, అంతమందిలో నన్ను వెతికి పట్టుకుని, నా ముఖంలోకి చూస్తూ మ్యావ్ మంది. నేను కదలకపోతే మళ్లీ మ్యావ్ మంది.

ఒక కోడిపిల్ల దాని తోక చివర పొడిచింది. తోక పక్కకు జరిపింది కానీ చూపు నా మీది నుంచి తీయలేదు.

నాయనమ్మ దాన్ని చూసింది. అది చూస్తున్న వైపు చూసింది. నన్ను చూసింది.

“అదేంటే, కోడిపిల్లల్ని వదిలేసి నీ మొహం చూస్తోంది?”

మేకల మామ నేలకేసి చూస్తున్నాడు. ఆయన ఒక్క మాట అంటే నేను తప్పించుకునేదాన్ని. ఆయన అనలేదు.

“నేనే నాయనమ్మా” అన్నాను. “నెల రోజుల నుంచి ముక్కలు తీసుకుని ఆ మూలన కూర్చుని పెడుతున్నా. అక్కడైతే నీకు కనబడదని. అది కోడిపిల్లల కోసం కూర్చోలేదు. నా కోసం కూర్చుంది.”

అంతమంది ముందు ఆ మాటలు బయటికి వచ్చాక ఒళ్లు దూదిలా తేలికయింది. నాయనమ్మ మామ వైపు తిరిగి, “కొట్టు” అంది.

టక్ టక్.

మసి బాణంలా లేచింది. అడ్డం వచ్చిన కోడిపిల్లల మధ్య నుంచే పరుగు తీసింది. దాని గాలికి ఒకటి బోర్లాపడి లేచి మళ్లీ కీచుమంది. మసి పెంకు ముందు ఆగి, కాళ్లు దగ్గరికి పెట్టుకుని, పేలిక పడే దాకా కూర్చుంది. గోడ అవతల కూలీలు చప్పట్లు కొట్టారు. గడ్డివాము మీది నుంచి పిల్లలు జారి పడ్డారు. ముందు రోజు ఒంట్లో బాగాలేదు కాబట్టి మామ రెండే పేలికలు వేశాడు. అది ఇంకా కావాలని అరిచినా వేయలేదు.

నాయనమ్మ నా దగ్గరికి వచ్చింది. నేను కళ్లు మూసుకుని చింతబరికె కోసం ఎదురు చూశాను. దెబ్బ పడలేదు.

“గురువారమే చెప్పి ఉంటే, నోరు లేని దాన్ని నేనిన్ని రోజులు తిట్టేదాన్ని కాదుగా?” అంది. దెబ్బే నయమనిపించింది. తర్వాత మామను అడిగింది. “నీకు ముందే తెలుసా?”

“అవ్ పెద్దమ్మా.”

“మరి చెప్పవేం?”

“నా నోటితోని జెప్పే ముచ్చట గాదది.”

“సరే, నా కోడిపిల్లల్ని తిన్నదెవరు మరి?”

“నాకేమెరుక? గద్ద గావచ్చు, ముంగిస గావచ్చు. గీ పిల్లే గావచ్చు గూడ. నువ్వు జూడలే, నేను జూడలే.”

అది మాకెప్పటికీ తెలియలేదు. నాయనమ్మ ఆ రోజు నుంచి గంప మీద రాయి పెట్టింది. ఆ ఎనిమిదీ పెరిగి పెద్దయ్యాయి. చిన్నాన్న ఖాళీ సంచితో సంతకు పోయి ఉల్లిగడ్డలు నింపుకుని వచ్చాడు. మసి మా ఇంట్లోనే ముసలిదయింది. దాని తిండి, పెంకు కడగడం, గోతిలో పూడ్చడం నా పనే అని నాయనమ్మ తేల్చి చెప్పింది. ఒక్క పూట కూడా ఇంకెవరూ చేయలేదు.

తర్వాత నేను ఒక దినపత్రికలో చేరి, పట్నాలు మారి, ఇప్పుడు ఖమ్మంలో ఉంటున్నాను. ఇంట్లో పిల్లి లేని రోజులు తక్కువ. ఈ కాలం పశువైద్యులను అడిగితే ఉడికించి పెట్టడమే అన్నిటికంటే మేలంటారు. పచ్చిదే పెట్టాలంటే నమ్మకమైన చోట తాజాగా తెచ్చి బాగా గడ్డకట్టించాలని, అలా చేసినా క్రిములన్నీ చావవని, ఇంట్లో పసిపిల్లలూ గర్భిణులూ ఉంటే ఆ ఆలోచనే వద్దని, ఉత్త మాంసంతో పిల్లి ఒంటికి కావలసినవన్నీ అందవని చెబుతారు. నేను వాళ్ల మాటే వింటాను. మేకల మామ ఉన్నా వినేవాడు. తెలిసింది ఎంతో, తెలియనిది ఎక్కడ మొదలవుతుందో ఆయన దాచుకోలేదు.

పత్రికలో ఉన్నన్నాళ్లూ ఎవరి మీదో ఒకరి మీద ఫిర్యాదు నా బల్ల మీదికి వస్తూనే ఉండేది. ఫలానా మనిషి ఎప్పుడూ ఫలానా చోటే తచ్చాడుతున్నాడని, కాబట్టి తప్పు అతనిదేనని. నేను రాసే ముందు ఆ చోటుకు వెళ్లి నిలబడేదాన్ని. అక్కడ అతనికి ఏం దొరుకుతోందో, ఎవరి చేతి నుంచి దొరుకుతోందో అడిగేదాన్ని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన మనిషి చాలాసార్లు ఆ గుంపులోనే, నోరు మూసుకుని, నేల చూస్తూ ఉండేవాడు. అతన్ని గుర్తుపట్టడం నాకు కష్టం కాలేదు. తొమ్మిదేళ్లప్పుడు నాలుగు రోజుల పాటు నేను అలాగే నిలబడ్డాను. ఇప్పుడు చెప్పాల్సిన మాట నా దగ్గరే ఉందని తెలిస్తే, ఎవరో వచ్చి నన్ను అడిగే దాకా ఆగను.